గాలికొలది యింధనము

నందికొండ కడ కృష్ణానదిని నిలిపిన నాగార్జునసాగర్ ఆనకట్టను చూడవచ్చువారు సాధారణముగా, వరదకాలమున ఇరువదియారు క్రస్ట్ గేట్ల నుండి దుముకు తెల్లని నీటిని చూచి సంతోషించి మరలిపోవుదురు. ఆనకట్ట పాదమున నున్న జలవిద్యుత్కేంద్రములో, ఆ వైభవమేమియు లేక గోడల నడుమ పనిచేయుచున్న ఎనిమిది యంత్రములను గూర్చి తలంచువారు తక్కువ. వానిలో 110 మెగావాట్ల మొదటి యంత్రమును విడిచినచో, ఒక్కొక్కటి 100.8 మెగావాట్ల శక్తిగల తక్కిన యేడింటికిని ఒక చిత్రమైన ధర్మము కలదు. జలాశయమునుండి దిగు నీరు చక్రమును త్రిప్పినపుడు అవి విద్యుత్తును పుట్టించును. విద్యుత్తు మిగులుగా నున్న వేళ అదే చక్రమును ఎదురు దిక్కున త్రిప్పినచో, దిగువ నీటిని మరల పైకి తోడును. ప్రవాహముచేత తిరుగు చక్రమును, ప్రవాహమును నెట్టు చక్రమును తత్త్వమున ఒకటే యను సత్యమునకు మన మెట్టప్రాంతమున ఇదియొక పెద్ద నిదర్శనము.

అదే సత్యము, రెండు అరచేతులలో ఇమిడిపోవునంతటి చిన్న రూపమున, మరియొక యంత్రములో దాగియున్నది. ఇంజనునుండి వెలువడు వేడి పొగ యూరక గాలిలో గలిసిపోనేల యని యోచించిన స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూషీ, 1905లో, ఒకే యిరుసునకు రెండు చక్రములను బిగించి, ఒకదానిని ఆ పొగచేత త్రిప్పించి, రెండవదానిచేత బయటిగాలిని ఇంజనులోనికి నొక్కించు ఉపాయమునకు పేటెంటు పొందెను. దానినే మనము నేడు టర్బో యనుచున్నాము. నిమిషమునకు లక్షకు మించిన చుట్లు తిరుగు ఈ చిన్ని చక్రముల జంట, హైదరాబాదునుండి సాగరు మీదుగా మాచర్లకు పోవు బాటలో మనకెదురగు లారీలలోను, కార్లలోను పెక్కింటియందు గలదు. అయినను టర్బోను గట్టిగా పరీక్షకు పెట్టునది మన ప్రాంతమున నెవ్వరికిని అక్కరలేని ఒక వాహనము. మంచుమీద నడచు స్నోమొబైలు. దాని యింధనమును గాలితో సరిపుచ్చు విద్యను వివరింప బూనుటకు కారణము, ఆ వాహనము మనకు దూరమైనను ఆ విద్య మనకు దూరము గాకుండుటయే. మన యింటిముందరి మోపెడులో కంటికి కనబడక జరుగుచున్న వ్యవహారమే, ఆ మంచుకొండలమీద పదిరెట్లు స్పష్టమై కానవచ్చును.

ఇంజను పెట్రోలు త్రాగునని లోకులందురు. తూకము వేసి చూచినచో అది త్రాగునది ముఖ్యముగా గాలియే. పెట్రోలులోని ఉదజనియు, బొగ్గుపదార్థమును పూర్తిగా మండుటకు తగినంత ప్రాణవాయువు కావలెను. గాలియందు ప్రాణవాయువు తూకమున నాలుగింట నొకవంతుకంటె తక్కువ యగుటచేత, ఒక పాలు పెట్రోలునకు 14.7 పాళ్ల గాలి యవసరమగుచున్నది. లీటరు పెట్రోలు ముప్పాతిక కిలో తూగును. దానికి కావలసిన గాలి పదకొండు కిలోలు, అనగా సుమారు తొమ్మిదివేల లీటర్లు. ట్యాంకులో పోయించుకొన్న నాలుగు లీటర్లు తీరునందాక సమీపముననున్న హాలియాకు పోయివచ్చు రైతు, తనకు తెలియకయే, ఒక చిన్న యింటినిండ పట్టునంత గాలిని ఇంజనుచేత పీల్పించుచున్నాడు. పెట్రోలును కొలిచి యమ్ముటకు బంకు కలదు గాని గాలిని కొలిచి యిచ్చు బంకు లేదు. ఇంజను ట్యూనింగు అను విద్య యంతయు, కొలవని గాలికి కొలిచిన పెట్రోలును జతగూర్చు ప్రయత్నమే.

ఈ జత సరిగా 14.7 కడనే నిలువవలెనను నియమము లేదు. పెట్రోలు పాలు హెచ్చి, గాలి పన్నెండు పదమూడు పాళ్లకు దిగినపుడు మిశ్రమము రిచ్చయినదనియు, గాలి పదహారు పదిహేడు పాళ్లకు పోయినపుడు లీనయినదనియు మెకానిక్కులందురు. మిక్కిలి బలమును కోరునపుడు కొంచెము రిచ్చుగాను, పొదుపును కోరునపుడు కొంచెము లీనుగాను ఉంచుట ఆచారము. ఈ భేదమును చెప్పుటకు వారి చేతిలో ఏ ప్రయోగశాల పరికరమును ఉండదు. ప్లగ్గు విప్పి దాని మొనను చూతురు. మసిపట్టి నల్లగా నున్నచో పెట్రోలు ఎక్కువ; లేత యిటుకరంగున నున్నచో సరియైనది; సున్నము పూసినట్లు తెల్లగా నున్నచో గాలి ఎక్కువై లోపల వేడి మితిమీరుచున్నది. టూటీ ఆయిలును పెట్రోలులో కలిపి పోయు రెండు స్ట్రోకుల బండ్లలో ఈ తెల్లదనము మరింత ప్రమాదకరము. పెట్రోలు తగ్గినచో దానితోబాటు లోపలికి బోవలసిన నూనెయు తగ్గును గనుక, వేడియు ఒరపిడియు ఏకకాలమున పెరిగి, పిస్టను సిలిండరును పట్టుకొని ఇంజను సీజగును.

పాతబండ్లలో ఈ జతగూర్చు పని కార్బొరేటరుది. గాలి ఇరుకైన గొంతుకలో దూరునపుడు వేగము పెరిగి, పీడనము తగ్గును. 1738లో డేనియల్ బెర్నూలీ గ్రంథస్థము చేసిన ఈ ధర్మమువలననే, గిన్నెలోని పెట్రోలు జెట్టు రంధ్రముగుండ పైకి లాగబడి గాలిలో చెదరును. ఇందు విద్యుత్తు లేదు, లెక్కలు కట్టు మెదడు లేదు. గాలి ఎంత గట్టిగా లాగిన పెట్రోలు అంత వచ్చును. ఇంతటి సులభమైన యంత్రములో ఒక సూక్ష్మమైన లోపము కలదు. గాలి చిక్కనైనపుడు దాని తూకము ఏ నిష్పత్తిలో పెరుగునో, జెట్టునుండి వచ్చు పెట్రోలు ఆ నిష్పత్తిలో పెరుగక, దాని వర్గమూలమును మాత్రమే యనుసరించును. గాలి రెండడుగులు వేసినచో పెట్రోలు ఇంచుమించు ఒక్కయడుగే వేయునన్నమాట.

గాలి చిక్కనగుట, పలుచనగుట ఏదో దూరదేశపు విషయము గాదు. సాగరు జలాశయము నిండినపుడు దాని నీటిమట్టము సముద్రమట్టముకంటె 590 అడుగుల యెత్తు. ఇంతమాత్రపు యెత్తున వాయుపీడనము తగ్గునది నూటికి రెండు పాళ్లు మాత్రమే. కాని మన యెండ చేయు పని అంతకంటె పెద్దది. 15 డిగ్రీల చలిగల డిసెంబరు వేకువను, 45 డిగ్రీలకు చేరిన మే నెల మధ్యాహ్నమును పోల్చినచో, ఆ మధ్యాహ్నపు గాలి నూటికి తొమ్మిది పాళ్లకు పైగా పలుచనైయుండును. సముద్రతీరమునుండి వేయి మీటర్ల కొండనెక్కినచో గాలి యెంత పలుచనగునో, మన రైతు తన పొలముగట్టున నిలిచియే, ఋతువు మారినంతమాత్రమున, అంత పలుచని గాలిలోనికి చేరుచున్నాడు. ఎండకాలమున బండి లాగుటలేదని యతడు చెప్పుకొను మాట యిందుకే వట్టి యపోహ గాదు.

డీజిలు ఇంజను ధర్మము వేరు. కరెంటు లేనినాడు బావినీరు తోడుటకు మన పల్లెలలో తెచ్చుకొను ఆయిలింజనులో గాలికి కళ్లెము లేదు. అది ప్రతి శ్వాసయందును నిండుగా గాలిని పీల్చి, పనిభారమునకు తగినంత డీజిలును మాత్రమే అందులోనికి చిమ్మును. గాలి యెప్పుడును మిగులుగా నుండుటచేత అది ఓర్పు గలది. భారము మించి డీజిలు పెరిగినపుడు పొగగొట్టము నల్లని పొగ చిమ్మి, లోపల గాలి చాలుటలేదని తానే చెప్పును. అట్టి యింజనునకు టర్బోను జతచేసినచో, ఎక్కువ గాలి వచ్చును గనుక ఎక్కువ డీజిలు పొగలేకుండ మండును. పెట్రోలు ఇంజనునకు ఈ ఓర్పు లేదు. అందు గాలియు, ఇంధనమును కలిసియే ప్రవేశించును గనుక, జత తప్పినపుడు అది వెంటనే శిక్ష ననుభవించును.

ఇక మంచుదేశమునకు పోవుదము. కెనడాలోని క్యూబెక్ రాష్ట్రమున, వాల్‌కూర్ అను చిన్న పట్టణమువాడైన జోసెఫ్ ఆర్మండ్ బొంబార్డియే, 1959లో స్కీడూ అను పేర చిన్న మంచుబండిని విపణికి తెచ్చెను. ముందుభాగమున చక్రములకు బదులు రెండు జారుడుపలకలు, వెనుక ట్రాక్టరు గొలుసువలె చుట్టి తిరుగు రబ్బరుపట్టీ, నడుమ తేలికయైన ఇంజను. దీని నిర్మాణము ఇంతే. కాశ్మీరములో, 2,650 మీటర్ల యెత్తుననున్న గుల్మార్గునకు శీతకాలమున పోయిన మన తెలుగువారు స్నో స్కూటరని అద్దెకు తీసికొని యెక్కునది ఈ జాతిదే. అది తిరుగు చోటులలో గాలి రెండు విధములుగా మన గాలికి భిన్నము. చలిచేత చిక్కనగును, ఎత్తుచేత పలుచనగును.

మొదట చలి సంగతి చూతము. సున్నకు దిగువ 20 డిగ్రీల చలిలో, సమాన పీడనమున, గాలి మన మే మధ్యాహ్నపు గాలికంటె నాలుగింట నొకవంతు బరువెక్కువ. నందికొండ యెండలో సరిదిద్దిన కార్బొరేటరును అచటికి గొంపోయినచో, గాలి నూటికి ఇరువదియైదు పాళ్లు పెరుగగా పెట్రోలు పన్నెండు పాళ్లే పెరిగి, మిశ్రమము గణనీయముగా లీనగును. అంతటి చలిలో ఇంజను కరగునా యని యాశ్చర్యపడువారికి సమాధానమిదియే: బయటి చలియే లోపలి దాహమునకు కారణము. ఇక కొండ యెక్కుదము. 3,000 మీటర్ల యెత్తున పీడనము సముద్రతీరపు పీడనములో నూటికి డెబ్బది పాళ్లకు దిగును. ఇప్పుడు మిశ్రమము రిచ్చయి, ప్లగ్గులు మసిబారి, బలము మూడవవంతు మేరకు జారిపోవును. కావుననే పూర్వము మంచుబండివారు జేబులో వేరువేరు సంఖ్యల జెట్లను పెట్టుకొని, ఎత్తునుబట్టియు చలినిబట్టియు మార్చుకొనుచుండెడివారు.

ఎత్తునకు మందు టర్బోయే యని తొలుత ఋజువు చేసినది విమానవిద్య. 1918లో అమెరికాలో సాన్‌ఫోర్డ్ మాస్ అను ఇంజనీరు, లిబర్టీ అను విమానపు ఇంజనును లారీమీద నెక్కించి, 14,000 అడుగులకు పైబడిన పైక్స్ శిఖరమునకు గొంపోయి పరీక్షించెను. పల్లమున 350 అశ్వశక్తి నిచ్చిన ఆ యింజను శిఖరముమీద 230కి దిగిపోయి, టర్బో తగిలించినంతనే 356 నిచ్చెను. కొండ హరించినదానిని పొగ తిరిగి తెచ్చిపెట్టినది. పెట్రోలుతో నడచు రెండు స్ట్రోకుల మంచుబండికి ఈ భాగ్యము, కర్మాగారమునుండియే వచ్చు రూపమున, 2020లో గాని లభింపలేదు. ఆ యేట వచ్చిన స్కీడూ బండి 165 అశ్వశక్తిని 8,000 అడుగుల యెత్తువరకు కాపాడుకొనునదిగా నిర్మింపబడెను. ఇంతకాలము పట్టుటకు ఒక కారణము, టర్బో గాలినే కాక వేడిని గూడ తెచ్చుటయే.

సైకిలు పంపుతో గాలి కొట్టినవారికి దాని గొట్టము వేడెక్కుట తెలియును. గాలిని నొక్కినచో అది వేడెక్కును. మూడువేల మీటర్ల యెత్తున, సున్నకు దిగువ 10 డిగ్రీల గాలిని టర్బో ఒకటిన్నర రెట్లు నొక్కి సముద్రతీరపు పీడనమునకు తెచ్చినదనుకొందము. చక్రములో జరుగు వృథాను గూడ లెక్కగట్టినచో, ఆ గాలి బయటికి వచ్చునప్పటికి ఇంచుమించు 40 డిగ్రీలకు చేరును. చుట్టును మంచు గడ్డకట్టియుండగా, ఆ చిన్న గొట్టములో మాత్రము నందికొండ వేసవి నెలకొనియుండునన్నమాట. రెండు రెట్లు నొక్కినచో అది 80 డిగ్రీల సమీపమునకు పోవును. అందుచేతనే అధిక పీడనముతో నడుపువారు గాలిని మరల చల్లార్చు ఇంటర్‌కూలరును నడుమ నమర్తురు.

వేడెక్కి, చిక్కబడి వచ్చిన ఈ మిశ్రమము సిలిండరులో మరల నొక్కబడునపుడు అసలు ప్రమాదము పొంచియుండును. ప్లగ్గు రగిల్చిన మంట ఒక మూలనుండి క్రమముగా వ్యాపింపవలెను; అది చేరకమునుపే, ఆ మంట ముందరి పీడనమునకును వేడికిని తాళలేక, చివరనున్న మిశ్రమము తనంతట తానే ఒక్కుమ్మడి పేలుట నాకింగు. ఇనుపరేకుమీద గులకరాళ్లు రాలినట్లు వినబడు ఆ చప్పుడు కొన్ని క్షణములు సాగినచో పిస్టను అంచు చితికిపోవును. పిస్టను అల్యూమినియముది, ఆ లోహము 660 డిగ్రీలకే కరగును, పైనున్న మంట రెండువేల డిగ్రీలకు మించినది. ఈ రెంటి నడుమ పిస్టనును కాపాడునది, తన వేడిని తాను సిలిండరు గోడలకు వెంటవెంటనే అప్పగింపగలుగుటయు, లోనికి వచ్చు పెట్రోలు ఆవిరియగుచు తెచ్చు చల్లదనమును మాత్రమే.

టర్బో బండికి పూర్ణబలమున పెట్రోలును అవసరమునకు మించి పోయుటలోని రహస్యమిదియే. మిశ్రమము 14.7 సమీపమున నున్నపుడు పొగ వేడి శిఖరమునకు చేరును. దానిని పదకొండు పన్నెండు పాళ్లకు దింపినచో, మండక మిగిలిన పెట్రోలు వేడిని తనలోనికి తీసికొని బయటికి మోసికొనిపోవును. అచట పెట్రోలు ఆహారము మాత్రమే కాదు, చలువపందిరియు అగుచున్నది. రిచ్చు వైపు పొరపాటు చేసినవాని బండి నల్లపొగ చిమ్మి, ప్లగ్గు తడిసి, బలహీనముగా దగ్గును. లీను వైపు పొరపాటు చేసినవాని బండి అంతవరకు లేని హుషారుతో పరుగెత్తి, పరుగెత్తుచునే పిస్టను కరగి నిలిచిపోవును. మొదటి తప్పునకు శిక్ష ఒక ప్లగ్గు; రెండవదానికి శిక్ష ఒక ఇంజను. శిక్షలు ఇంత యసమానముగా నున్నచోట, ఎల్లప్పుడు రిచ్చు వైపునుండి బయలుదేరి, కొంచెము కొంచెముగా పెట్రోలును తగ్గించుకొనుచు రావలెననునది ఈ విద్యలోని ప్రథమసూత్రము.

క్రమమెరిగినవాడు మొదట జెట్టును గాని, కంప్యూటరులోని సంఖ్యలను గాని ముట్టడు. ముందు గొట్టములలో గాలి కారుచున్నదేమో చూచును. కారిన చోట లెక్క యెన్నటికిని కుదరదు. పిదప పెట్రోలు పంపును పరీక్షించును. టర్బో గాలిని ఎంత నొక్కుచున్నదో అంతకంటె ఎక్కువగా పంపు పెట్రోలును నొక్కనిచో, అవసరము మిక్కుటమైన క్షణముననే సిలిండరునకు ఇంధనము అందదు. ఆ మీదట గాలి పీడనమునకు హద్దు నిర్ణయించును. ఇందుకు టర్బోలో నొక చిన్న తలుపు కలదు. పీడనము హద్దునకు చేరగానే అది తెరచుకొని, మిగులు పొగను చక్రమునకు తగులకుండ ప్రక్కదారిని పంపివేయును. జలాశయము నిండినపుడు మిగులు నీరు విద్యుత్కేంద్రపు చక్రములలో దూరక, క్రస్ట్ గేట్ల నుండి పొరలిపోవుటకును దీనికిని పరిమాణమున తప్ప భేదము లేదు. ఆనకట్టను రక్షించునవి చక్రములు గావు, ఆ గేట్లు. ఇంజనును రక్షించునదియు చక్రము గాదు, ఆ తలుపు.

నేటి బండ్లలో కార్బొరేటరు స్థానమున పిచికారివంటి ఇంజెక్టరును, దాని నాడించు కంప్యూటరును వచ్చినవి. గాలి పీడనమును, వేడిని, ఇంజను వేగమును కొలిచి, ప్రతి శ్వాసయందును లోనికి వచ్చిన గాలి తూకమును అది లెక్కగట్టి, ముందుగా వ్రాసియుంచిన పట్టికను చూచి, ఇంజెక్టరును ఎన్ని వేయివంతుల సెకను తెరువవలెనో నిర్ణయించును. ట్యూనింగనగా నేడు ఆ పట్టికలోని గడులను ఒక్కొక్కటిగా దిద్దుట. దిద్దినది సరియో కాదో పొగయే చెప్పవలెను. బాష్ సంస్థ నిర్మించిన లాంబ్డా సెన్సారు, 1976లో వోల్వో కార్లలో మొదట ప్రవేశించి, పొగలో మిగిలిన ప్రాణవాయువును కొలిచి మిశ్రమపు గుట్టు విప్పుచున్నది. కాని రెండు స్ట్రోకుల ఇంజనులో ఈ సాక్షిని పూర్తిగా నమ్మరాదు. అందు పాతపొగను క్రొత్తమిశ్రమమే తరుముచు, ఆ తొందరలో కొంత తాజాగాలి మండకయే పొగతో గలిసి బయటపడును. ఆ గాలిని చూచిన సెన్సారు, మిశ్రమము ఉన్నదానికంటె లీనుగా నున్నదని భ్రమించును. అందువలన ఎరిగినవారు పొగ వేడిని కొలుచు పరికరమును, నాకింగు చప్పుడును, చివరకు మన మెకానిక్కు అరచేతిలో పెట్టుకొని చూచు ఆ ప్లగ్గును గూడ సాక్ష్యమునకు పిలిచి, అందరు నొకే మాట చెప్పిన తరువాతనే తీర్పు చెప్పుదురు.

ఈ సాక్ష్యవిచారణ మన యింటివద్దను అవసరమైన కాలము వచ్చినది. నేడు దేశమంతట బంకులలో పోయు పెట్రోలులో నూటికి ఇరువది పాళ్ల ఎథనాలు కలియుచున్నది. ఎథనాలులో ప్రాణవాయువు ముందే యిమిడియుండుటచేత, అది మండుటకు తొమ్మిది పాళ్ల గాలి చాలును; అందుచేత ఈ మిశ్రేంధనమునకు సరియైన జత 14.7 గాక 13.5 సమీపమునకు దిగినది. సెన్సారు గల క్రొత్తబండి ఈ మార్పును తానే గ్రహించి ఇంధనమును పెంచుకొనును. సెన్సారు లేని పాత కార్బొరేటరు బండి గ్రహింపలేదు. మంచుదేశమునకు గొంపోయిన బండివలె, కదలకయే కొంచెము లీనగును. దాని యజమాని చేయదగినది భయపడుట గాదు. ప్లగ్గు విప్పించి రంగు చూచుకొని, తెల్లబారినచో మెకానిక్కుచేత, కార్బొరేటరులో గాలిపాలును దిద్దు ఎయిర్ స్క్రూను గాని, జెట్టును గాని సరిచేయించుకొనుట.

సాగరులోని హిల్ కాలనీ బాటప్రక్క వేపచెట్టు నీడలో పనిచేయు మెకానిక్కులు ఎయిర్ స్క్రూను త్రిప్పునపుడు చూడుడు. లోపలికి పూర్తిగా బిగించి, ఒకటిన్నర చుట్టు వెనుకకు విప్పి, తలవంచి చెవియొగ్గుదురు. ఇంజను చప్పుడు హెచ్చి నిలకడ చెందిన చోట చేయి యాగును. చలికాలపు వేకువ దిద్దిన బండిని యెండలు ముదిరిన పిదప మరల తెచ్చి చూపించుమని చెప్పి పంపువారిని చాదస్తులని అనుకొనరాదు. పైక్స్ శిఖరముమీద సాన్‌ఫోర్డ్ మాస్ కనుగొన్నదియు, మంచుకొండలమీద కంప్యూటరు ప్రతి శ్వాసకును లెక్కగట్టునదియు ఆ మాటలోనే యున్నవి: స్క్రూ నెవ్వరును కదపలేదు, పెట్రోలును మారలేదు, డిసెంబరునుండి మే నెలకు మారినది గాలి.